బాణాల సందు వెడల్పు చేసిన ఎర్సీలియా

మా ఊరు మొత్తం కోట లోపలే ఉంది. ప్రభువుల వంశం అంతరించాక మా పూర్వీకులు లోపలి జాగా పంచుకుని, కోటగోడకే ఆనించి ఇళ్ళు కట్టుకున్నారు. అందుకే ప్రతి ఇంటికీ వెనకగోడ కోటగోడే. కిటికీలన్నీ లోపలి ముంగిట్లోకి, వాననీటి తొట్టి వైపు చూస్తాయి. బయటికి ఉన్నవి ఒకప్పుడు బాణాలు వేసిన సందులు మాత్రమే. లోపలివైపు మనిషి నిలబడేంత వెడల్పుంటాయి, బయటికి పోనుపోను చెయ్యి మాత్రమే పట్టేంత సన్నమైపోతాయి.

మా పెద్దనాన్న ఒత్తావియో, యుద్ధం ముగిశాక తిరిగొస్తూ, వెర్చెల్లి వైపు వరిపొలాల పల్లంలో ఎర్సీలియాను పెళ్ళాడి తీసుకొచ్చాడు. ఆమె పుట్టిన చోట మిట్ట అన్నదే లేదు. సైకిలు మీద వచ్చే మనిషెవరో మైలు దూరం నుంచే తెలిసిపోతుంది. అలాంటి చోట పెరిగిన మనిషి మా గోడల మధ్యకు వచ్చి పడింది.

ఎర్సీలియా పెద్దమ్మ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. పొయ్యి మీద పొలెంటా, అదే మా మొక్కజొన్న సంకటి, కలుపుతూ కలుపుతూ గరిటె వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ముంగిలి దాటి కోట వాకిలి దాకా పోయేది. శత్రువు గుర్రం మీద దూసుకు రాకుండా ఆ వాకిట్లో దారిని కావాలనే వంకర తిప్పి కట్టారు. అక్కడ నిలబడితే ఎదురుగా మళ్ళీ గోడే. వెనక్కి వచ్చేసరికి పొలెంటా అడుగంటేది.

"కాళ్ళకు చక్రాలు కట్టుకు పుట్టావటే?" అని మా నానమ్మ జెల్సొమినా దెప్పేది.

పెద్దమ్మ వంటగదిలోనూ ఒక సందు ఉంది. దానికి చెంప ఆనించి చూస్తే కింది రోడ్డు ముక్కొకటి కనిపించేది. ఏ బండైనా ఆ ముక్కలోకి వచ్చి, కన్నార్పేలోపు మాయమయ్యేది.

"ఎవరో వచ్చారత్తమ్మా! ఆడో మగో తెలీలేదు" అంటూ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

ఒక శరత్కాలంలో, పెద్దనాన్న బొగ్గు కాల్చడానికి అడవికి పోయి ఉండగా, ఆమె సుత్తీ ఉలీ పట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"కాస్త వెడల్పు చేస్తున్నానత్తమ్మా."

"ఫిరంగులకే లొంగని గోడ, నీకు లొంగుతుందా?"

లొంగింది. మా కోటగోడ మనిషి నిలువంత మందమున్నా, చెక్కిన రాయి లోపలా బయటా ఒక్కో వరసే. నడుమ కూరినదంతా రాళ్ళముక్కలూ సున్నమూ. లోపలి వరసలో రెండు రాళ్ళు ఊడేసరికి, చిరిగిన బస్తాలోంచి శనగలు కారినట్టు ఆ కూరుడంతా జలజలా కారిపోయింది. బయటి రాళ్ళు కొన్ని గోడ అడుగున వాలు మీదుగా దొర్లి ద్రాక్షతోటలో పడ్డాయి. పైన నానమ్మ గది గోడ నిలువునా నెర్రె విచ్చింది.

నానమ్మ ముంగిట్లోకి వచ్చి కేకలు పెట్టింది. "నా కోడలు కోట కూల్చేసిందర్రోయ్! అన్ని ముట్టడుల్లో కానిది ఒక్క మధ్యాహ్నంలో చేసేసింది!"

తాపీమేస్త్రీ ఫెదేలే పరిగెత్తుకొచ్చి, పైగోడకు దుంగలతో దన్ను పెట్టాకే తిట్టడం మొదలుపెట్టాడు.

"పైన అడ్డరాయి కూర్చోబెట్టాక కదమ్మాయ్ కింద తవ్వాల్సింది! ఇంత ఆత్రమా?"

"ఆత్రమే మామా. పూడ్చేస్తానంటే మాత్రం నన్ను కూడా లోపలే పెట్టి పూడ్చెయ్."

ఫెదేలే గొణుక్కుంటూ పోయి, కూలిన బురుజు కింద పడి ఉన్న పాత రాయినొకదాన్ని మనుషులతో మోయించుకొచ్చి, అడ్డరాయిగా పెట్టాడు. పెద్దనాన్న అడవి నుంచి దిగివచ్చేసరికి వంటగదికి కిటికీ ఉంది. మసి మొహంతో కాసేపు దాన్నే చూసి, "చలికాలంలో చస్తాం" అని మాత్రం అన్నాడు.

నిజంగానే ఆ చలికాలం చచ్చినంత పనైంది. కిటికీలోంచి కొట్టే గాలి, పొగగొట్టంలోకి పోవాల్సిన పొగను ఇంట్లోకి తోసేది. నానమ్మ దగ్గుకోసారి కోడల్ని తిట్టేది. తిడుతూనే కుర్చీ కిటికీ పక్కకు జరుపుకుంది.

వసంతంలో పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. కింది రోడ్డు నుంచే ఆ కంత ఆయన కంటబడింది.

"ఎవరమ్మా గోడ పగలగొట్టింది?"

పెద్దమ్మ నోరు తెరవబోయింది. నానమ్మ అడ్డుపడింది. "ఎవరో ఏమిటి బాబూ? ముట్టడిలో ఫిరంగిగుండు తగిలింది."

"గుండు తగిలితే ఇంత చక్కగా చదరంగా పడిందా?"

"కొట్టినవాళ్ళు మంచి గురిగలవాళ్ళట!"

ఆయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. పెద్దమ్మ పోసిన ద్రాక్షసారా తాగి, ఇంకొక్క రాయి కదిలినా ఊరుకోనని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఇక పెద్దమ్మ మనసు కుదుటపడుతుందనుకున్నాం. పడలేదు. ఇప్పుడు రోడ్డు పొడుగునా కనిపిస్తుంది కదా, ఆమెకు చేతిలో పని సాగేది కాదు. కలుపుతీతకు ఆడవాళ్ళను పల్లానికి తీసుకుపోయే లారీ మలుపు తిరగడం ఒకరోజు కంటబడింది. మూట కట్టేసింది.

"కిటికీ పెట్టుకున్నావుగా, ఇంకా ఏమిటే?" అన్నాడు పెద్దనాన్న.

"అందులోంచి చూడగలను గానీ నడవలేను కదా!"

అప్పటినుంచి ఏటా వెళ్ళేది. మోకాలిలోతు నీళ్ళలో వంగి కలుపు తీసి, నాని పాసిన పాదాలతో, బియ్యం మూటతో తిరిగొచ్చేది. ఓ నెల హాయిగా పాడుకుంటూ ఉండేది. తర్వాత మళ్ళీ మొదలు.

ఒక ఏడు పెద్దనాన్న కూడా వెంట వెళ్ళి, వారం తిరక్కుండానే వచ్చేశాడు.

"అక్కడ వీపు వెనక ఏమీ లేదురా" అన్నాడు మా నాన్నతో. "కూర్చుంటే వెనక్కి పడిపోతానేమో అనిపించింది."

పెద్దమ్మ మాత్రం పని పూర్తయ్యాకే వచ్చింది. వచ్చీరాగానే ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, పొయ్యి రాజేసింది.