పాపిడి ఏ పక్క?

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు. పాపిళ్ళు గుర్తుంటాయి. పదేళ్ళ తరువాత వచ్చినవాడైనా సరే, కుర్చీలో కూర్చోగానే "ఎడమ పక్క కదూ?" అంటూ దువ్వెన అందుకుంటాడు. పాపం, వచ్చినవాడి నెత్తిన పాపిడి తీయడానికి నాలుగు వెంట్రుకలు మిగలకపోయినా ఆ ప్రశ్న మాత్రం తప్పదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని పాపిడి మాస్టారు అంటుంది. పైకి చిరాకు పడతాడు గాని, ఆ బిరుదంటే ఆయనకు లోపల్లోపల మహా ఇష్టం.

కటింగ్ షాపు తండ్రి పెట్టింది. రెండు కుర్చీలు, రెండు నిలువుటద్దాలు. తండ్రి పక్కన నిలబడే కత్తెర పట్టడం నేర్చుకున్నాడు. ఆ తండ్రి పోయిన రోజున ఆఖరిసారి తల దువ్వింది కూడా ఈయనే. ఎడమ పాపిడి. ఆ రోజు కూడా గీత వంకర పోలేదు.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసే చెల్లెలు పాత దుప్పటిలో చుట్టిన పటమొకటి చంకన పెట్టుకుని వచ్చింది.

"నవ్వకూడదు. అబద్ధం చెప్పకూడదు" అంది.

"అబద్ధం చెప్పడం చేతనైతే ఈపాటికి రాజకీయాల్లో ఉండేవాణ్ణి. చూపించు."

దుప్పటి తీసింది. వాళ్ళు పుట్టిపెరిగిన ఇంటి వంటగది. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ ఇంటిని కూల్చేసేనాటికి ఆమెకు ఆరేళ్ళు నిండలేదు. ఒక్క ఫొటో లేదు. అమ్మానాన్నా లేరు. ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పగలిగినవాడు ఇక ఈ అన్నయ్య ఒక్కడే.

"రెండేళ్ళుగా గీస్తున్నా. మన ఇల్లేనని నువ్వంటే ఉంచుతా. కాదంటే తెల్లరంగు పూసేస్తా. నాకు గుర్తున్న ఇల్లు అసలు లేనట్టే అనుకుంటా" అంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. పొయ్యి దగ్గర అమ్మ, గోడకు నీలం డబ్బాలు, గుమ్మంలో స్టూలు మీద కూర్చుని కత్తెరకు నూనె రాస్తున్న నాన్న. అన్నీ ఉన్నాయి. కాని ఏదీ ఉండాల్సిన చోట లేదు.

"తలుపు ఇటెందుకొచ్చింది? అది అటు కదా! పొయ్యి ఇటుండాలి. నాన్న కత్తెర ఎడం చేత్తో పట్టుకున్నాడేమిటి?" అంటూ దగ్గరికి వంగాడు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "కుడి పాపిడి! కన్నతండ్రికి కుడి పాపిడి తీశావే పిల్లా!"

చెల్లెలి ముఖం వాడిపోయింది. "చిన్నదాన్ని కదా అన్నయ్యా. ఏదో కలగని ఉంటాను" అని పటం ఎత్తుకుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. ఆమె ముఖం చూడలేక అటు తిరిగి, సర్దాల్సిన అవసరం లేని దువ్వెనలు సర్దసాగాడు. తలెత్తేసరికి ఎదురుగా అద్దంలో చెల్లెలు, ఆమె గుండెలకు ఆనించుకున్న పటం కనిపించాయి.

తలుపు దాని చోట ఉంది. పొయ్యి దాని చోట ఉంది. కత్తెర కుడి చేతిలో ఉంది. నాన్నకు ఎడమ పాపిడి.

"కదలకు!" అని కేకేశాడు.

ఆయనకు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఐదో ఏట ఆమె మెట్ల మీద నుంచి పడి తొడ విరగ్గొట్టుకుంది. నడుము దాకా కట్టు. వంటగది వైపు తల పెట్టి, ముందు గదిలో నాలుగు నెలలు వెల్లకిలా పడుకుంది. వెనక్కి తిరగలేదు, అమ్మ కనబడకపోతే ఊరుకోదు. ఒకటే ఏడుపు. చివరికి నాన్న షాపులోని రెండో అద్దం ఊడదీసి తెచ్చి ఆమె కాళ్ళ వైపు గోడకు, వంటగదంతా అందులో కనబడేలా నిలబెట్టాడు. రెండో కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఉత్త గోడ చూసి గొణిగితే, "రోజూ చూసుకునే ముఖమేగా, నాలుగు నెలలు దానికీ సెలవివ్వండి" అనేవాడు.

"ఆ అద్దం ఒక కొస నేనే మోశానే. ఈ ఏడుపుగొట్టుదానికి షాపు అద్దమా అని దారి పొడుగునా సణిగాను. కుళ్ళు, వట్టి కుళ్ళు" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా అద్దాల ముందే బతుకుతున్నా, నాకు తట్టలేదు చూడు."

"నాకు అద్దం గుర్తులేదన్నయ్యా. అమ్మే గుర్తుంది" అంది ఆమె నెమ్మదిగా.

"దీన్ని ముట్టుకోకు. ఒక్క గీత కూడా దిద్దకు. మన ఇల్లే."

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కటింగయ్యాక వెనక జుట్టు చూపించడానికి చిన్నద్దం పట్టుకున్నట్టు, పటాన్ని ఆమె తల వెనక ఎత్తి పట్టుకున్నాడు. అద్దంలో ఇల్లు సరిగ్గా నిలబడింది. ఆమెకు కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"అయితే మీరందరూ నా వెనకే ఉన్నారా?"

"నీ వెనకే ఉన్నామే, పిల్లా."

చేతులు లాగుతున్నా, ఆమె చాలనేదాకా ఆయన ఆ పటాన్ని దించలేదు.