ఎవరిదీ చెయ్యి?

చెయ్యి విరిగితే మెడ కాడ సూది ఇస్తరని నాకెట్ల తెలుస్తది? మహబూబాబాద్ దవాఖానల డాక్టరమ్మ నా మెడ పక్కన, భుజం మీది గుంతల మందు రుద్దుతుంటే గయ్యిన లేచిన.

"విరిగింది మణికట్టు తల్లీ, మెడ కాదు! జర చూస్కొని చెయ్యి."

నర్సింహులపేటల నాది టైలరింగు. పొద్దుగాల నీళ్ల తొట్టి కాడ నాచు మీద జారి పడ్డ. పడితే పడ్డ, కుడిచెయ్యి మీదనే పడాల్నా? కత్తెర పట్టేది అదే, బట్ట జరిపేది అదే. ముంగట బతుకమ్మ పండుగ, ఇంట్ల గుట్టెడు జాకెట్ ముక్కలు. ఈ చెయ్యి మళ్ల మంచిగైతదా, కాదా? గదొక్కటే నా పరేషాన్.

ఆపరేషన్‌కు మొత్తం మత్తిచ్చి పండవెట్టుమన్న. నాకు దమ్ము, ఆయాసం ఉన్నదని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "బ్లాక్ ఇస్తం అక్కా" అన్నది. బ్లాక్ అంటే నాకు తెలిసినయి సినిమా టికెట్లే.

"ఏందీ, సర్కారు దవాఖానల గూడ బ్లాకేనా?" అని గట్టిగనే అడిగిన. నర్సు మూతికి కట్టుకున్న గుడ్డ వెనుక కిసకిస నవ్వింది.

డాక్టరమ్మ నిమ్మళంగ చెప్పింది. చేతికి పోయే నరాలన్ని మెడ కాడి నుంచే పోతయట. అక్కడ మందిస్తే చెయ్యి ఒక్కటే పంటదట, నేను మేల్కొనే ఉంటనట. పొద్దుగూకినంక చెయ్యి లేస్తదట.

"లేవకపోతే?"

"లేస్తది అక్కా, నాది పూచీ."

మెషిన్ల నరాల బొమ్మ చూసుకుంట సూది ఇచ్చింది. జరసేపటికి చెయ్యి వెచ్చగైంది, తిమ్మిరెక్కింది, ఆనక ఉన్నదో లేదో తెల్వకపాయె. నడుమ అడ్డంగ బట్ట కట్టిన్రు. అవతల ఎముకల డాక్టరు టకటక చప్పుడు చేస్తుంటే, ఇవతల నేను జాకెట్ చంకల కాడ ఎందుకు పట్టేస్తదో డాక్టరమ్మకు చెప్పుకుంట పండుకున్న. ఆమె గూడ మంచిగ ఊ కొట్టింది.

వార్డుల మంచం మీద వేసినంక కునుకు పట్టింది. మెలకువొచ్చేసరికి దుప్పటి కింద నా కడుపు మీద ఏదో బరువు. ఎడమచేత్తో తడిమిన. వేళ్లు! వెచ్చగ, మొద్దుగ, మనిషి వేళ్లు! నా పానం జల్లుమన్నది. మా ఆయన నలుగురిల నా పక్కన కూసునుడు గూడ ఎరుగడు. పెండ్లిల చెయ్యి పట్టిందే పట్టుడు. ఇయ్యాల ఈయనకేం పుట్టిందో!

"ఏమయ్యా, సిగ్గు శరం లేదా? గింతమంది ముంగట ఏందిది? చెయ్యి తియ్యి!"

తియ్యడే.

"తియ్యమంటే ఇనవడుతలేదా?"

వార్డు మొత్తం నా దిక్కు తిరిగింది. మా ఆయన తలుపు కాడ నిలవడ్డడు, రెండు చేతుల్ల రెండు చాయ్ గ్లాసులు! దుప్పటి గుంజి చూస్తే, కట్టు కట్టిన నా చెయ్యే.

ఇగ చూడాలె నవ్వులు! పక్క మంచం అవ్వకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మా ఆయన చెవులు ఎర్రవడ్డయి. నేను గూడ పడి పడి నవ్విన. నవ్వుకుంటనే ఏడుపొచ్చింది. నా చెయ్యి నాకే పరాయిదైపాయె. ఇది లేవకపోతే నేనేం కావాలె?

ఆయన చాయ్ కింద పెట్టిండు. వచ్చి అందరి ముంగట నా మంచం మీదనే కూసున్నడు.

కిటికీల ఎండ పోయింది, లైట్లు వేసిన్రు. కదులు, కదులు అని వేళ్లను బతిమాలిన, తిట్టిన. కదిలితే గద! యాష్టకొచ్చి కండ్లు మూసుకున్న.

అప్పుడు చూపుడువేలు కొసకు ఏదో గరుకుగ తాకింది. ఆనక బొటనవేలికి గూడ. నాగలి పట్టి కాయలు కాసిన అరచెయ్యి.

కండ్లు తెరవకుంటనే అడిగిన, "ఎవరిదీ చెయ్యి?"

"నాదే," అన్నడు బుగులుబుగులుగ. "తియ్యాల్నా?"

"తీస్తే ఊకోను," అన్న.