సముద్రం వైపు హెడ్‌లైటు

అరవైల్లో సంగతి. జీపులు బాగుచేయడం నా పని, సెలవు దొరికితే జీపేసుకుని ఎక్కడో గుడారంలో పడుకోవడం నా సరదా. అలా ఒకసారి విడవలూరు దాటి, టైర్లలో గాలి తగ్గించి, ఇసుకలో పడుతూ లేస్తూ ఒక్కణ్ణే సముద్రం ఒడ్డుకు చేరాను.

చీకటి పడుతుండగా, మొరాయిస్తున్న హెడ్‌లైటు తీగ బిగించి వెలిగించాను. వెలుగు అలల మీద పడింది. జాలరిపల్లె నుంచి ఒకామె పరుగున వచ్చింది.

"ఎవురి పడవ రాలేదన్నా?"

"పడవేం లేదక్కా. లైటు వెలుగుతుందో లేదో చూస్తున్నా."

"మేం రావాల్సినోళ్ళుంటేనే సముద్రం దిక్కు దీపం పెడతాం. నీకెవురూ లేకపోతే ఆర్పెయ్యన్నా."

ఆమె వెళ్ళిపోయింది. నాకు రావలసినవాళ్ళెవరా అని, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను.

తర్వాత ఆర్పేశాను.