మేళానికి ముందు విన్న మాట

ఇన్నేళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. మా ఆవిడకు చెప్పలేదు. చివరి రోజుల్లో మా నాన్న మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు రాస్తుంటే నోరు పెగులుతోంది.

మాది గుంటూరులో మేళం పట్టిన సాయిబుల ఇల్లు. నాన్న సన్నాయి, నేను డోలు. మా వీధి చివర పత్తి మిల్లు. పొద్దున మిల్లు రొద, మధ్యాహ్నం మిర్చి కొట్ల దగ్గర కూలీల తుమ్ములు, సాయంత్రం కాఫీ హోటల్ రేడియో. ఆ సందడిలో పుట్టి పెరిగినవాడికి చప్పుడంటే బెదురేమిటి? ఇప్పుడు బెదురే. మిల్లు వేగం అందుకోగానే ఆ రొద అడుగున ఒక ఆడపిల్ల గొంతు వినపడుతుంది. మిల్లు ఆగితే ఆ గొంతూ ఆగుతుంది. డాక్టరు చూసి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఉన్నాయి. అదే కదా నా బాధ.

పెళ్ళిళ్ళలో గట్టిమేళం ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. ముహూర్తం వేళ ఎవరైనా తుమ్మినా, పసిపిల్ల ఏడ్చినా ఆ అశుభం పెళ్ళివారి చెవిన పడకూడదు. పురోహితుడు చెయ్యెత్తగానే వాయించాలి. అంతకుముందే అలాంటిదేదైనా వినపడితే, చెప్పించుకోకుండా మేమే అందుకోవాలి. ఒకసారి ఓ పెళ్ళిలో ఎవరో తుమ్మితే నేను ఆలస్యం చేశాను. "మేళం వాళ్ళు నిద్దరోతన్నారా?" అని పెళ్ళిపెద్ద అందరి ముందూ నాన్నను కేకలేశాడు. నాన్న తల దించుకున్నాడు. ఇంకెప్పుడూ నా చెయ్యి వెనకబడకూడదనుకున్నాను.

ఆ తర్వాతి పెళ్ళి ఒక మిర్చి వ్యాపారి కూతురిది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. సత్రం నిండా జనం, గోల. మేం పీటలకు దగ్గరగా, పెళ్ళికూతురి వైపు కూర్చున్నాం. తెర పట్టారు. జీలకర్ర బెల్లం ఆమె చేతిలో పెట్టారు. పురోహితుడు గడియారం చూస్తున్నాడు. అప్పుడా అమ్మాయి తలెత్తి అంది: "నాన్నా, నాకీ పెళ్ళి వద్దు. ఆపండి."

గొణగలేదు. స్పష్టంగా అంది. పీటల దగ్గరున్న నలుగురికీ వినపడే ఉంటుంది.

నా చెయ్యి డోలు మీద పడింది. నాన్న సన్నాయి అందుకున్నాడు. ముహూర్తమైందనుకుని జనం అక్షతలు వేశారు. ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని పెళ్ళికొడుకు తల మీద పెట్టించారు. భోజనాల దగ్గర ఆ వ్యాపారి నా భుజం తట్టాడు. "సమయానికి అందుకున్నావురా!" ఆ పొగడ్త నాకు తియ్యగానే ఉంది. అబద్ధమెందుకు?

అలవాటు, చెయ్యి తనంతట తానే కొట్టిందని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. ఆమె మాటకీ నా దెబ్బకీ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. ఆమె అన్నది తుమ్ము లాంటిది కాదని, ఒక మనిషి తన బతుకు గురించి చెప్పుకున్న మాట అని ఆ వ్యవధిలోనే నాకు అర్థమైంది. అర్థమయ్యాకే కొట్టాను. పెళ్ళి ఆగితే ఆ పాపం మేళానికి చుడతారని, నాన్న మళ్ళీ తల దించుకోవలసి వస్తుందని భయపడ్డాను. ఒక పిల్ల బతుకు కంటే మాకు పడబోయే చీవాట్లే నాకు పెద్దవయ్యాయి.

అంతటితో ఆగినా బాగుండేది.

కొన్నేళ్ళ తర్వాత పర్చూరులో ఒక పొగాకు రైతు ఇంట పెళ్ళికి వెళ్ళాం. భోంచేసి చేతులు కడుక్కుంటుంటే ఆ మిర్చి వ్యాపారి కూతురు వచ్చింది. ఆ ఇంటి కోడలే. బాగా చిక్కిపోయింది. ఆమె ఇంకా నోరు విప్పకముందే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

"సాయిబుగారూ, ఒక్క మాట అడుగుతాను. పీటల మీద నేను పెళ్ళి వద్దన్నానా?"

నేను కండువాతో చేతులు తుడుచుకోసాగాను.

"మా నాన్న అనలేదంటాడు. మా అమ్మ, కలగన్నావంటది. అన్నానని నేనంటే ఇక్కడ నాకు మతి చెడిందంటన్నారు. తాయెత్తులు కట్టిస్తన్నారు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. మీరు పక్కనే ఉన్నారు గదా?"

"మేళం హోరులో మాకేం వినపడుద్దమ్మా?"

"మేళం మొదలవకముందే అన్నాను."

"నాకు వినపళ్ళేదమ్మా."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే అని ఉండను లెండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

సత్రంలో చేసింది ఒక తప్పు. మరి దీన్నేమనాలి? తన కాపురం మార్చమని ఆమె నన్ను అడగలేదు. తన నోటిని తాను నమ్ముకోవడానికి ఒక్క సాక్షిని అడిగింది. ఆమె మామగారు గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. విన్నానంటే రేపు ఏ ఇంట మమ్మల్ని పీటల దగ్గర కూర్చోనిస్తారు? అదీ నా భయం. ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదట. పిల్ల కుదుటపడిందని ఇంటిల్లిపాదీ సంతోషించారట.

ఇప్పుడైనా వెళ్ళి చెప్పొచ్చుగా అంటారు మీరు. ఒకసారి పర్చూరు బస్సెక్కాను కూడా. చిలకలూరిపేటలో దిగిపోయి వెనక్కి వచ్చేశాను. పిరికివాణ్ణి, ఇంతకంటే ఏం చెప్పను?

కాబట్టి మీకు చెబుతున్నాను. ఆమె అంది. మేళం మొదలవకముందే అంది. నేను విన్నాను.

రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకే సిగ్గుగా ఉంది. పర్చూరులో ఆమె మాత్రం ఆ మాట తాను అనలేదనే అనుకుంటోంది.