బుల్లోడి దండం

మా పక్క వీధిలో ఒక కుర్రాడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకు తిప్పుతాడు. మొన్న పొద్దున మోచేతికి కట్టుతో వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. తన ఆడగుర్రానికి పుట్టిన పిల్ల చిన్నప్పుడు బంగారంలా ఉండేదట, పెరిగేకొద్దీ చెడిపోతోందట, ఇప్పుడు మనిషి కనబడితే చాలు మీద పడిపోతోందట. "దిష్టి తగిలిందంటావా మామ్మా? గుర్రాలోళ్ల ఇల్లు కదా మీది, ఏటైనా సెప్పు" అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. దిష్టట, దిష్టి! జట్కాలు పోయి ఆటోలొచ్చాయి, ఆటోలు పోయి ఫోనులో నొక్కితే కార్లొస్తున్నాయి, అనకాపల్లి మగాళ్లు మాత్రం ఇంకా దిష్టి దగ్గరే ఉన్నారు.

నా ఈడు వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, అప్పట్లో రైలు దిగిన వాళ్లను బెల్లం మార్కెట్టుకు తీసుకెళ్లాలన్నా, ఉప్మాక వెంకన్న కల్యాణానికి వెళ్లే ముసలివాళ్లను రైలుకు చేరవేయాలన్నా జట్కాయే దిక్కు. నన్నిచ్చింది అలాంటి జట్కా ఇంటికి. మాది చీడికాడ వైపు చెరకు రైతుల కుటుంబం. ఎడ్ల మధ్య పెరిగిన దాన్ని, గుర్రాన్ని దగ్గరగా చూడటం అత్తవారింట్లోనే మొదలు. మామగారు జట్కా తోలేవారు. మంచివారు, అంతకు మించి మరేమీ కారు. ఇంట్లో పెత్తనమంతా మా పెద్ద బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన మీసం ఒక మూరెడు, చేతిలో చెర్నాకోల ఒక బారెడు, చేసే పని బెత్తెడు. గుర్రాల సంగతి తనకు తెలిసినంత గుర్రాలకు కూడా తెలియదని ఆయన గట్టి నమ్మకం.

నేను కాపురానికి వెళ్లిన నెలలోనే మా ఆడగుర్రం మగపిల్లను ఈనింది. కోడలి అడుగు మంచిదన్నారు, నాకు కొత్త రవికల గుడ్డ కూడా పెట్టారు. ఎందుకంటే తల్లిగుర్రానికి అప్పటికే వయసు మీదపడుతోంది. ఈ పిల్ల పెరిగి జట్కాకు అందివస్తేనే ఆ ఇంట్లో పొయ్యి మీద ఎసరు నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. దానికి బుల్లోడని పేరు పెట్టారు. నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చే పిల్లే. నుదుటి మీద పాలచుక్క, పుల్లల్లాంటి కాళ్లు, పరిగెత్తుతూ తన కాళ్లు తనే తొక్కుకుని పడేది.

పిల్ల అన్నాక ఆకతాయితనం ఉంటుంది. ఆటకు తల్లి మెడ కొరికేది, వెనక్కి తిరిగి తన్నేది. తల్లి ఊరుకునేది కాదు. చెవులు వెనక్కి వాల్చి ఒకసారి చూసేది, అప్పటికీ వినకపోతే భుజం మీద చిన్న కాటు వేసేది. పిల్ల తోక ముడుచుకుని కాసేపు బుద్ధిగా నిలబడేది. ఆవైనా బర్రెయినా బిడ్డకు నేర్పే పద్ధతి అదే. మా బావగారికి అది కంటగింపైంది. "కన్నబిడ్డని కరుత్తాదేటిది, రాచ్చసి!" అని, గడ్డి తినేటప్పుడు తప్ప సాలలో ఉన్నంతసేపూ తల్లి మూతికి చిక్కం కట్టేశారు. మావైపు చేలో కలుపుకు గుంటక తోలేటప్పుడు ఎద్దులు మొక్కల మీద మూతి పెట్టకుండా తాడు చిక్కం కడతారు. తల్లి బిడ్డకు బుద్ధి చెప్పకుండా కట్టిన చిక్కం మాత్రం నేను ఆ ఇంట్లోనే చూశాను.

ఆ రోజుల్లో బావగారి ఎదుట కోడలు నోరెత్తకూడదు కదా, అందుకని అత్తగారి దగ్గర గొణిగాను. "అత్తా, తల్లి నోరు కట్టేత్తే రేపు దానికి బయం ఎవులు సెప్తారు?" అన్నాను. "ఎడ్లోళ్ల పిల్లవి, నీకేటి తెలుసే గుర్రాల సంగతి? ఊరుకో" అంది ఆవిడ. 

తల్లి జట్కా లాగుతుంటే పిల్ల తాడూ బొంగరం లేకుండా పక్కనే పరిగెత్తుతూ మార్కెట్టుకు వెళ్లేది. అక్కడ మన ఊరి సంగతి తెలియనిదేముంది, నేలంతా బెల్లం దిమ్మలే, గాలంతా ఆ తీపి వాసనే. దిమ్మలు మోసే కళాసీలు తలా ఒక పలుకు విరిచి దాని నోట్లో పెట్టేవారు. బావగారు అక్కడితో ఆగితే ఆయన గొప్పేముంది! బెల్లం ముక్క ఎత్తి పట్టుకుని "దండం పెట్రా బుల్లోడా" అనేవారు. అది వెనకకాళ్ల మీద లేచి, ముందుకాళ్లు రెండూ ఆయన భుజాల మీద వేసి, ముక్క అందుకునేది. మార్కెట్టంతా ఘొల్లున నవ్వేది. తూకాలు ఆపి మరీ వచ్చేవారు ఆ దండం చూడటానికి, ఈయనేమో పెళ్లికొడుకు తండ్రిలా మీసం దువ్వుకునేవారు. చాల్లే సంబడం అని నాకు అనిపించేది కానీ వినేదెవరు?

పిల్ల ఎదిగింది. దూడంత ఉన్నప్పుడు వేసిన కాలూ, ఎద్దంత అయ్యాక వేసిన కాలూ ఒకటేనా? దండం అదే, బరువు వేరు. ఒక కళాసీ పెదవి చిట్లింది, ఇంకొకడి చొక్కాతో పాటు తోలు ఊడింది. నవ్వినవాళ్లే ఇప్పుడు కర్రలు పట్టుకున్నారు. నిన్నటిదాకా బెల్లం పెట్టిన పనికి ఇవాళ కర్ర ఎందుకు పడుతోందో దానికెలా తెలుస్తుంది? బెదిరింది, కరవడం మొదలుపెట్టింది. జట్కాకు కట్టబోతే తల విదిలించి కాలు నేలకేసి కొట్టేది. అప్పుడైనా గట్టిగా నిలబడ్డారా అంటే అదీ లేదు. "ఒంట్లో బాగోలేదేమో పాపం" అని బావగారు వెంటనే విప్పేసేవారు. కాలు కొడితే పని తప్పుతుందని దానికి చక్కగా తలకెక్కింది. మరునాడు ఇంకా గట్టిగా కొట్టింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అప్పుడు మొదలైంది కారణాల వేట. గుర్రాల ఒంటి మీద వెంట్రుకల సుడులు చూసేవాణ్ణి పిలిపించారు. వాడు మెడ కింద తడిమి, ఇది యజమానికి అచ్చిరాని సుడి అన్నాడు. పుట్టుకతో ఉన్న సుడి, బుల్లోడు దండాలు పెట్టినన్నాళ్లూ ఏ మహానుభావుడి కంటా పడలేదు. ఆ తరవాత, నేను వచ్చిన నెలలోనే పుట్టింది కదా అని ఎవరో గుర్తుచేశారు. మంచి అడుగు కాస్తా చెడ్డ అడుగైపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా అని బావగారు నిట్టూర్చారు. మొక్కగా ఉన్నప్పుడు వంగకేం, శుభ్రంగా వంగింది, ఈయన వంచినవైపే వంగింది.

ఒక శుక్రవారం అత్తగారు నైవేద్యానికి పళ్లెంలో బెల్లం పెట్టుకుని పెరడు దాటుతోంది. కట్టు తెంచుకున్న బుల్లోడు ఎదురొచ్చి నిలువునా లేచి, రెండు కాళ్లూ ఆవిడ భుజాల మీద వేశాడు. మెడ కింద ఎముక పుటుక్కున విరిగింది. అందరం గోలగోలగా పరిగెత్తాం. వాడు మాత్రం కింద పడిన బెల్లం నిదానంగా నాకి, తలెత్తి ఇంకా పెడతారేమోనని మా మొహాల కేసి చూశాడు. కోపం అన్నది ఆ కళ్లలో లేనేలేదు. చంపడానికొచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. అత్తగారి కుడిచెయ్యి ఆ తరవాత తల దాటి లేవలేదు, ఆవిడకు జడ నేనే వేసేదాన్ని.

ఆ వారమే బుల్లోణ్ణి ఒక గుర్రాల బేరగాడికి అప్పగించేశారు. ముసలి తల్లిగుర్రం లాగగలిగినన్నాళ్లు లాగి కూలబడింది, జట్కా చక్రాలు ఊడదీశారు, మామగారు ఆ వయసులో అదే మార్కెట్టులో దిమ్మలు మోశారు. బావగారు బతికున్నన్నాళ్లూ ఆ సుడి గురించే చెప్పారు.

ఇదంతా విని కుర్రాడు, "మాది దండం కాదు మామ్మా, సేక్ హ్యాండ్. బిస్కట్టు సూపిత్తే కాలిత్తాది, వీడియోకి ఎంతమంది లైకులు కొట్టేరో" అన్నాడు. దానికి నేర్పిందే అది చేస్తోందిరా, ముందు ఆ బిస్కట్టు మానెయ్, దాన్ని తల్లి దగ్గర వదులు, తల్లి కరిస్తే అడ్డం వెళ్లకు అని చెప్పాను. ఫోను చూసుకుంటూ తలూపాడు. లేచి వెళ్తూ, ఎందుకైనా మంచిదని నిమ్మకాయలు ఏ షాపులో దొరుకుతాయని అడిగాడు.

మా పాత వీధి మలుపులో ఇప్పుడు ఫోన్ల దుకాణం ఉంది. గిట్టల చప్పుడు లేదు, గడ్డి వాసన లేదు, జట్కా అంటే ఏమిటని అడిగే పిల్లలున్నారు. ఆ మలుపు దాటేటప్పుడు మాత్రం నా కాలు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ రోజు బేరగాడు లాక్కుపోతుంటే బుల్లోడు అక్కడే మొండికేసి, మా ఇంటి వైపు తిరిగి, ముందుకాళ్లు రెండూ ఎత్తి నిలబడ్డాడు. "సూసేరా, పోతూ పోతూ కూడా మీదికొత్తన్నాడు!" అని బావగారు అరిచారు, అందరూ చెల్లాచెదురయ్యారు. వాడికి తెలిసిన మర్యాద అదొక్కటే, వీళ్లు నేర్పిందే. ఇంత బెల్లం పండే ఊళ్లో, ఆ పూట వాడి దండానికి పలుకు బెల్లం పెట్టిన చెయ్యి లేదు.