మా నాయన చంపని మబ్బులదొంగ

మొన్న ఆదివారం మా మనవరాలితో గొడవ పెట్టుకున్నాను, అదీ ఒక రాక్షసుడి గురించి. ఆ పిల్ల ఉద్యోగం చేస్తుంది. సెలవొస్తే చాలు, ఫోను పట్టుకొని ఎక్కడెక్కడి వాళ్ళతోనో కలిసి ఏదో ఆట ఆడుతుంది. కోటలు, గుహలు, కత్తులు, మంత్రాలు. పోయిన నెల అందరూ కలిసి ఒక కొమ్ముల రాక్షసుణ్ణి చంపేశామని ఇల్లెగిరిపోయేలా అరిచింది. నేనూ సంబరపడి పాయసం చేశాను. మొన్న తొంగిచూస్తే అదే రాక్షసుడు, అవే కొమ్ములు, అదే గుహ ముందర దున్నపోతులా నిలబడి ఉన్నాడు.

“వాడు చచ్చినాడంటివి కదే!” అన్నాను.

“మాకు చచ్చినాడవ్వా. ఇంకా చంపని వాళ్ళకు బతికే ఉండాడు. కొత్త కథ వస్తే మాకూ మళ్ళా లేస్తాడు.”

“అదేం న్యాయమే? నా పాయసం నాకిచ్చెయ్.”

అది పకపకా నవ్వింది. “వాడు పూర్తిగా చస్తే ఇంక ఆటేముంటాది? కథ ముందరికి పోవాలంటే వాడుండాల.”

నేను గమ్మున లేచి వంటింట్లోకి వచ్చేశాను. ఆ మాట నాకు కొత్త కాదు. అది మా నాయన మాట. ఇన్నేళ్ళ తర్వాత అది ఫోనులోంచి వినపడేసరికి నాకు నిలవబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

డెబ్బైల చివరి సంగతి. ధర్మవరంలో మాది మగ్గాల వీధి. ముందుగదిలో నేలలోకి తవ్విన గుంత, ఆ గుంతలోకి కాళ్ళు దించుకొని నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం ఆడుతుంటే పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు. మా వీధిలో పెళ్ళాం మొగుణ్ణి తిట్టాలన్నా మగ్గం ఆగేదాకా కాచుకోవాల్సిందే. అందుకని మా ఇంట్లో కథ చెప్పుకోవడానికి ఒకే రోజు ఉండేది, పడుగు అతికే రోజు.

నిలువు పోగుల పడుగు నేయడం అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తంగా కోసేయరు. కొసలు మగ్గం మీదే వదిలిపెడతారు. కొత్త పడుగు తెచ్చి, దాని పోగులను ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా, వేళ్ళకు బూడిద అద్దుకొని మెలిపెట్టి అతికించాలి. వెంట్రుకంత పోగులు, వేలకు వేలు. ఒక్కటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. పాత కొసలు లేకుండా మగ్గం ఖాళీ అయిపోయిందంటే అన్ని పోగులూ మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. ఆ చాకిరీ పగవాడికి కూడా వద్దు. ఖాళీ మగ్గం కనపడితే మా వాళ్ళు ముఖం తిప్పుకొని పోయేవాళ్ళు.

మా ఇంట్లో అతికేది అమ్మ, మేనత్త, నేను. మేనత్తను తనకల్లు పక్క ఒక పల్లెకు ఇచ్చారు. వరసగా శెనక్కాయ పంట ఎండిపోతే, మామతో కలిసి మా వీధికే వచ్చి చేరింది. ఆమె చేతులకు ఓపిక ఉంది, అమ్మ చేతులకు వేగం ఉంది, నాకు రెండూ లేవు. పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా లేవకూడదు. నేనేమో కాలు కాలిన పిల్లిని. నన్ను ఒకచోట కూర్చోబెట్టడానికే నాయన ఆ కథ మొదలుపెట్టాడని అమ్మ ఎప్పుడూ అనేది.

కథలో ఒక మబ్బులదొంగ. వాడికో పెద్ద గోనెసంచి. కదిరి కొండల మీద కూర్చొని, అటుగా వచ్చిన మబ్బునల్లా మెడ పట్టుకొని సంచిలో కుక్కి మూతి కట్టేస్తాడు. మన సీమకు వాన రాకపోవడానికి వాడే కారణం. వాడికి ఎదురు నిలబడేది గొర్లు కాసే ఒక పిల్ల. ప్రతి అతుకు రోజూ ఆ పిల్ల ఏదో ఉపాయం చేసి సంచి మూతి విప్పేది. ఒక వాన పడేది. చెరువులో కాసిన్ని నీళ్ళు చేరేవి. వాడు మాత్రం తప్పించుకొని ఇంకో కొండెక్కి కూర్చునేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. “చంపేయి నాయనా వాణ్ణి! ఎన్నాళ్ళు సాగదీస్తావు?”

“చంపితే?”

“చంపితే వానలు పడ్తాయి, పీడ పోతాది.”

“వాడు పోతే ఆ పిల్లకు పనేముంటాదే? వచ్చే అతుక్కు నేనేం చెప్పాల? కొస ఇడిచిపెట్టాల మే. కథ ముందరికి పోవాలంటే వాడుండాల.”

మేనత్తకు నాకంటే కసి. ఆమె దృష్టిలో వాడు నిజంగానే ఉన్నాడు, తన చేను ఎండబెట్టింది వాడే. “వాని నోట్లో మన్నుబడ, వాని గోనెసంచి కాలిపోను,” అని పోగు మెలిపెడుతూనే శాపనార్థాలు పెట్టేది. నాయన మీసాల్లో నవ్వుకునేవాడు.

ఒక అతుకు రోజు నా పోరు పడలేక, దొంగ తన ప్రాణం ఎక్కడ దాచిపెట్టాడో చెప్పాడు నాయన. అమ్మ వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. మేనత్త పోగు చేత్తో పట్టుకొనే కునుకు తీస్తోంది. సరిగ్గా విన్నది నేనొక్కదాన్నే. ఆ చోటు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

నాకు పెళ్ళయింది, అదే వీధిలోకి. అతుకు రోజున మాత్రం మా అత్తగారింట్లో వంట త్వరగా ముగించుకొని నాయన దగ్గరికి పరుగెత్తేదాన్ని. కథ వదులుకోవడం నా వల్ల కాలేదు. ఎనభైల నడుమ వచ్చిన కరువులో బావులు అడుగంటాయి. బిందెలు పట్టుకొని ఆడవాళ్ళు వీధులు వీధులు తిరిగారు. టీకొట్టు దగ్గర మగవాళ్ళు ఆకాశం చూసి, “మీ నాయన దొంగ మళ్ళా ఎత్తకపాయనే!” అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. కథ ఇల్లు దాటి వీధంతా పాకింది.

ఆ రోజుల్లోనే నాయన కథలో ఒక తప్పు దొర్లింది. గొర్లు కాసే పిల్లకు ఒక కుక్క ఉండేది. అంతకుముందు అతుక్కి దాన్ని దొంగ కొండమీది నుంచి తోసేశాడు. మేనత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఈసారి నాయన చెబుతూ చెబుతూ, “అప్పుడు కుక్క పరిగెత్తుకుంటా వచ్చి వాని పిక్క పట్టుకునింది,” అన్నాడు.

“ఏ కుక్కప్పా? అది చచ్చిపాయ కదా?” అంది మేనత్త.

నాయన ఆగిపోయాడు. ఆయన ముఖంలో ఒక బెదురు కనపడింది. సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లల ముఖంలో ఉంటుందే, ఆ బెదురు.

“అది దాని కూన లే అత్తా! నువ్వు నిద్రపోతాంటివి, నాయన చెప్పినాడు,” అనేశాను.

“ఔనా?” అని మేనత్త పోగు అందుకుంది. నాయన నా వైపు ఒకసారి చూసి కూన కథ అల్లుకుపోయాడు.

ఆ రోజునుంచి నాకు మనశ్శాంతి లేదు. కథలో ఆయన జారవిడిచినదాన్నల్లా నేను అతుకుతూ వచ్చాను. చచ్చినవాళ్ళు లేస్తే వాళ్ళకు కవలలను పుట్టించాను. దాటిన ఏరు మళ్ళీ దాటిస్తే వంతెన కొట్టుకుపోయిందన్నాను. తల ప్రాణం తోకకొచ్చేది. కథ ఒక్కటే అయితే సరిపోయేది. మగ్గం మీద కూడా ఒకరోజు, పేకపోగు దూర్చే నాడెల్లో అంచు రంగు పట్టున్నదాని బదులు వేరే నాడె విసిరాడు. నేను చూసుకోకపోతే చీర పాడయ్యేది. అప్పటికప్పుడు ఆ పోగులు విప్పి మళ్ళీ నేయించాను.

పట్టు, జరీ ఇచ్చేది షావుకారు. నేతగాడి చెయ్యి తప్పుతోందని వీధిలో గుసగుస పుట్టిందంటే తర్వాతి పడుగు ఆ గడపకు రాదు. చిన్నప్పటినుంచి ఆ గుంతలోనే బతికిన మనిషి. మగ్గం ఖాళీ చేసి వీధి అరుగు మీద కూర్చోబెడితే ఆయన ఏమైపోతాడో తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. అమ్మేమో, నాయన నేస్తున్నంతసేపూ ఏదో పని కల్పించుకొని ఆ గదిలోనే తచ్చాడేది.

చివరికి భయపడినంతా అయింది. ఒక అతుకు రోజున షావుకారే వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, తన పట్టు తనకు ముఖ్యం. గోడవారగా స్టూలు వేయించుకొని కూర్చున్నాడు. పోగులు చూశాడు, నాయన చేతులు చూశాడు. తర్వాత నవ్వుతూనే అడిగాడు.

“ఏమప్పా, నీ కథ ఊరంతా చెప్పుకుంటాండారే. మా ఇంట్లో పిల్లోళ్ళు ఒకటే అడుగుతాండారు. ఆ మబ్బులదొంగ ప్రాణం యాడుండాది?”

నాయన బూడిద గిన్నెను ఇటు జరిపాడు, అటు జరిపాడు.

“పామిడికాడ పెన్న ఇసకలో కదన్నా, నత్తగుల్లలో?” అంది మేనత్త సాయం చేద్దామని.

“కాదు, కొండమీద జమ్మిచెట్టు తొర్రలో,” అంది అమ్మ.

ఇద్దరిదీ తప్పే. ఒకరు కునుకులో విన్నారు, ఒకరు వంటింట్లోంచి విన్నారు. నాయన వాళ్ళ ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు, వాటిలో ఎక్కడన్నా రాసి ఉందేమోనన్నట్టు. షావుకారు నవ్వు తగ్గిపోతోంది. అసలు చోటు నా నాలుక చివర ఉంది. చెప్పేస్తే నాయనకు తెలియదని తేలిపోతుంది. చెప్పకపోయినా తేలిపోతుంది. నా చేతిలోని పోగు తెగింది.

అప్పుడు నాయన గుంత గట్టుమీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నాడు. “అదే కదన్నా వచ్చిన తంటా. వానికే తెల్దు.”

“తెల్దంటే?”

“మర్చిపోయినాడు. ముసిలోడైనాడు గదా. ప్రాణం యాడ దాచిపెట్టినాడో వానికే గుర్తు లేదు. కొండ కొండా ఎతుకుతాండాడు. సంచి యాడ్నో పారేసినాడు. పట్టిన మబ్బులు యాటివో, ఇడిచిన మబ్బులు యాటివో తెల్దు. ఆకలైతాది, తిన్న్యానో లేదో తెల్దు. కడాకు ఆ గొర్లు కాసే పిల్ల ముందరికే వచ్చి నిలబడినాడు. ‘అమ్మా, నా ప్రాణం యాడ పెట్టినానో నీకేమన్నా తెలుసునా?’ అని ఆ పిల్లనే అడుగుతాండాడు.”

మేనత్త మెలిపెట్టడం ఆపేసింది. ఎన్నో ఏళ్ళుగా వాణ్ణి తిట్టిపోసిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పిల్లకు తెలుసునా?” అని అడిగాడు షావుకారు, స్టూలు ముందుకు జరుపుకొని.

“తెలుసు. ఆ పిల్లకొక్కదానికే తెలుసు.”

“మరి చంపేసిందా?”

నాయన నా వైపు తిరిగాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఆ క్షణాన ఆయనకు అంతా తెలుసు, కుక్క కూన సంగతితో సహా. “నువ్వు చెప్పు మే. చంపు చంపు అని నా పానం తీస్తాంటివి కదా. ఇప్పుడు దొరికినాడు. ఏం చేస్తాదో చెప్పు.”

“చంపదు నాయనా,” అన్నాను. “వాణ్ణి కూసోబెట్టి సంగటి పెడ్తాది. గొర్ల మందలోనే ఉంచుకుంటాది.”

“ఆ,” అన్నాడు నాయన. “అట్లయితే కొస ఉండాదిలే.”

షావుకారు లేచి స్టూలు గోడకు జరిపాడు. ఆయనకు ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, నాయనతో కాకుండా నాతో అన్నాడు. “పడుగు ఇదే గడపకు పంపిస్తాలేమ్మా. నువ్వు పక్కనే కూసుంటావు కదా?”

కూర్చున్నాను. మొదట పక్కన, తర్వాత మెల్లగా గుంతలోకి నేనే దిగాను. నాయన చాప మీద కూర్చొని నా నేత చూసేవాడు. మగ్గం ఖాళీ కాలేదు. అతుకు రోజుల్లో కథ నేను చెప్పేదాన్ని, ఆయన వినేవాడు. దొంగ గొర్ల మందలో ఉంటూనే అప్పుడప్పుడు పాత బుద్ధి పుట్టి ఒక మబ్బును జేబులో పెట్టుకునేవాడు. అది విన్నప్పుడల్లా నాయన కడుపుబ్బ నవ్వేవాడు.

ఒక అతుకు రోజున నేను కథ మధ్యలో ఉండగా నాయన నన్ను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. “ఎవురమ్మా నువ్వు?” అన్నాడు.

అమ్మ తల వంచుకుంది. నేను ‘నీ కూతుర్ని నాయనా’ అని అంతకుముందు చెప్పి చూశాను, అలా చెప్పినప్పుడు ఆయన ఇంకా బెదిరిపోయేవాడు. అందుకని ఈసారి వేరే చెప్పాను.

“గొర్లు కాసే పిల్లను.”

ఆయన ముఖం విప్పారింది. దగ్గరికి జరిగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి నా చెవిలో అన్నాడు. “అట్లయితే నీకు తెలుసు కదా యాడుండాదో. ఎవురికీ చెప్పొద్దమ్మా.”

“చెప్పను నాయనా.”

మొన్న నేను పాలు తుడుచుకుంటుంటే మనవరాలు వంటింట్లోకి వచ్చింది. ఏమైందని అడిగితే ఇదంతా చెప్పాను. అంతా విని, అది కూడా ఆ చోటు ఎక్కడని అడిగింది. బతిమాలింది, అలిగింది, ఒట్లు పెట్టింది.

నేను చెప్పలేదు.