బేస్ క్యాంప్ చూడకుండానే

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ పిచ్చి నాది కాదు, మా ఆవిడది. ఒక్కసారి ఆ మంచు మధ్య నిలబడాలని కాలేజీ రోజుల నుంచీ తన కోరిక. నేను తోడు వెళ్ళానంతే. కానీ హడావిడంతా నాదే. ఈ పరాయి దేశంలో మేముండే మౌంట్ రాస్కిల్ పేటలో, ఇంటి దగ్గర ఒక గుట్ట ఉంది, నేపాల్ వాళ్ళు చూస్తే నవ్విపోతారు. బ్యాగులో సోనా మసూరి బస్తా పెట్టుకుని రోజూ దాన్ని ఎక్కి దిగేవాణ్ణి. ఎదురైన తెలుగువాళ్ళు, హోమ్ డెలివరీ ఎప్పుడు మొదలుపెట్టారని ఆటపట్టించేవాళ్ళు. మా ఆవిడ ఎప్పుడైనా సరదాగా వెనకాలే వచ్చేది. నువ్వు సగం దారిలోనే కూలబడతావని వెక్కిరించేవాణ్ణి.

నేపాల్‌లో గైడ్ మొదట్లోనే చెప్పాడు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలి, మెల్లగా నడవాలి, పగలు ఎంత పైకెక్కినా రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి. మా ఆవిడ బుద్ధిగా విన్నది. నాకు ఒకరి మాట వినే అలవాటు ఎక్కడేడిసింది! విశ్రాంతి తీసుకోమన్న రోజు కూడా మేం ఆగిన ఊరి వెనక కొండెక్కి వచ్చాను. బియ్యం మోసిన ఒళ్ళు కదా, ఆ పొగరు. ఎంత బలమున్నా ఆ ఎత్తులో పనికిరాదని మర్నాడు తెలిసొచ్చింది. తల పగిలిపోతోంది. తిన్నదంతా కక్కేశాను. బూటు లేసు కట్టుకోవడం కూడా చేతకాలేదు.

నన్ను వెంటనే కిందికి దించాలన్నాడు గైడ్. ఆవిడ బాగానే ఉంటే తన దగ్గర పనిచేసే కుర్రాడితో పైకి వెళ్ళొచ్చన్నాడు. నేనూ వెళ్ళమనే అన్నాను. తను నుదురు పట్టుకుని, “నాకూ పొద్దుటి నుంచి తల బద్దలవుతోందండీ, ఇద్దరం దిగిపోదాం,” అంది. హమ్మయ్య, నేనొక్కణ్ణే కాదులే అనుకున్నాను.

రెండేళ్ళకి, ఇక్కడే హెండర్సన్‌లో ఉండే తన స్నేహితురాళ్ళు అదే దారికి బయల్దేరుతూ తననీ రమ్మన్నారు. వంటింట్లో దోసె వేస్తూ అడిగింది, వెళ్ళనా అని. నీ ఒంటికి ఎత్తు పడదు, చూశాం కదా అన్నాను. తన మంచికే అన్నాననుకున్నాను. సరేలెండి అని దోసె తిరగేసింది. వాళ్ళు వెళ్ళొచ్చి పంపిన ఫోటోలు ఫోన్‌లో పెద్దవి చేసుకుని మరీ చూసింది. ఇప్పుడు తన మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంటి మెట్లే గోడ పట్టుకుని దిగుతోంది.

మొన్న ఆదివారం, సిటీలో చదువుకుంటున్న మావాళ్ళబ్బాయి భోజనానికి వచ్చాడు. స్నేహితులతో నేపాల్ వెళ్తున్నాడట. ఎత్తులో వచ్చే ఆ తలనొప్పి ఎలా ఉంటుంది ఆంటీ అని అడిగాడు.

“నాకేం తెలుసు నాన్నా, అది వచ్చింది అంకుల్‌కి కదా,” అని నవ్వుతూ పెరుగు వడ్డించింది.

అబ్బాయి వెళ్ళేదాకా ఆగి, నీకా రోజు తలనొప్పే రాలేదని హెండర్సన్ వాళ్ళు పిలిచినప్పుడైనా నాతో చెప్పాల్సింది కదా అన్నాను. తను మిగిలిన పప్పు డబ్బాలోకి తీస్తోంది.

“చెప్తే, మీ ఒక్కరి వల్లే వెనక్కొచ్చామని తేలిపోదూ?” అంది.

కోపంగా అన్నా బాగుండేది. మూత పెట్టి, డబ్బా ఫ్రిజ్‌లో పెట్టమని నా చేతికిచ్చింది.